కామిక్స్ చదివేవాళ్లు అన్ని రకాలూ చదువుతారా, ఒక్కదాన్నే పట్టుకుంటారా?

కందుకూరోడు
ఒంగోలులో ఒక స్నేహితుడితో వచ్చిన పేచీ ఇది. కామిక్స్ అలవాటైనవాడు ఒక్క రకం దగ్గర ఆగడని, డిటెక్టివ్ కథల నుంచి దయ్యాలకి, దయ్యాల నుంచి చరిత్రకి పోతూనే ఉంటాడని వాడంటాడు. నాకు నమ్మకం లేదు. నాకు తెలిసినవాళ్లలో సూపర్‌హీరోలు చదివేవాడు అవే చదువుతున్నాడు, మాంగా (జపాన్ కామిక్స్) చదివేవాడు కొట్లాటలు ఉన్నవే వెతుక్కుంటున్నాడు. మీ సంగతి చెప్పండి. ఏ జిల్లా అని మాత్రం అడగొద్దు. మాది కందుకూరు, 2022లో ప్రకాశం నుంచి తీసి నెల్లూరులో కలిపినప్పటి నుంచి ఆ ప్రశ్నంటేనే చిరాకు.

పాత_అట్ట
మంచి ప్రశ్న. నాది నెల్లూరు, రిటైరయ్యాను. మా కాలంలో ఈ సందేహమే లేదు. 1947 జులైలో మొదలైన చందమామ తీసుకోండి. ఒక్క సంచికలో బేతాళ కథ, జానపద సీరియల్, పురాణం, జాతక కథ, మధ్యలో నవ్వుకునే చిన్న కథలు. అట్ట నుంచి అట్ట దాకా చదివేవాళ్లం, ఏదీ వదిలేది లేదు. ఇప్పటి పిల్లలకు ఆ ఓపిక లేదు. మా చెల్లెలి కొడుకు దసరా సెలవులకు వచ్చాడు కదా అని టిన్‌టిన్ కామిక్ పుస్తకం చేతిలో పెట్టాను. రెండు పేజీలు తిప్పి "ఫైట్లు లేవు మామయ్యా" అని పక్కన పడేశాడు. ఒకే రుచికి నాలుక మొద్దుబారిపోయింది. అంతకంటే చెప్పడానికేం లేదు.

వేటగాడు77
ఫ్యాంటమ్. ఫ్యాంటమ్ ఒక్కటే. నాకు చాలు.

గడ్డిటోపీ_కావలి
పాత అట్ట గారూ, రెండు విషయాలు.

ఒకటి, చందమామ కామిక్స్ కాదు. బొమ్మలున్న కథల పత్రిక. గళ్లు లేవు, మాటల బుడగలు లేవు. ప్రశ్న కామిక్స్ గురించి.

రెండు, మాంగా అంటే ఫైట్లే అనుకోవడం బయటి నుంచి చూసేవాళ్ల మాట. షోనెన్ అన్నది కథ రకం కాదు, ఎవరి కోసం వేస్తున్నారో చెప్పే పేరు. మగపిల్లల కోసం అని. అందులో ఆటలుంటాయి, వంట ఉంటుంది, డిటెక్టివ్‌లుంటారు. షోనెన్ జంప్ అనే జపాన్ పత్రిక 1968 నుంచి వస్తోంది. 1990ల మొదట్లో అందులో డ్రాగన్ బాల్ కొట్లాట పక్కనే స్లామ్ డంక్ అని బాస్కెట్‌బాల్ కథ వచ్చేది. 2003లో అందులోనే మొదలైన డెత్ నోట్ పిడిగుద్దుల కథ కాదు, ఇద్దరు తెలివైనవాళ్లు ఒకరినొకరు పట్టుకోడానికి వేసే ఎత్తులే కథంతా. నేను వీటన్నిటినీ చదివాను. ఇంకా నా నాలుక మొద్దుబారిందా?

పాత_అట్ట
కామిక్స్ కాదా! ఆ బొమ్మలు చూడకుండా చందమామ చదివినవాడిని ఒక్కణ్ణి చూపించు. చిత్రా, శంకర్ బొమ్మ చూసి, పేరు చూడకుండానే ఎవరిదో చెప్పేవాళ్లం. అట్ట మీద వడ్డాది పాపయ్య రంగుల కోసం పత్రిక కొన్నవాళ్లున్నారు. గళ్లు గీస్తేనే కామిక్స్ అయితే గళ్లనుడికట్టు కూడా కామిక్సే.

ఇక నీ బాస్కెట్‌బాల్, నీ వంట. పేర్లు ఎన్నయినా పెట్టుకో అబ్బాయ్. కుర్రాడు ఓడిపోతాడు, కసిగా సాధన చేస్తాడు, గెలుస్తాడు, అంతకంటే పెద్దవాడు ఎదురవుతాడు. బంతి పట్టుకున్నా గరిటె పట్టుకున్నా కథ ఇదే. దీన్ని నాలుగు రకాలు అని లెక్కపెడితే ఎట్టా?

గడ్డిటోపీ_కావలి
మూస గురించి మీరే మాట్లాడాలి! విక్రమార్కుడు చెట్టెక్కుతాడు, శవాన్ని దించుతాడు, భుజాన వేసుకుంటాడు, బేతాళుడు కథ చెప్తాడు, రాజు నోరు తెరుస్తాడు, శవం మళ్లీ చెట్టెక్కుతుంది. నెలనెలా ఇదే. మాది మూస, మీది వైవిధ్యమా?

పొగతోట
😂 ఆ శవానికి కూడా విసుగొచ్చి ఉంటుంది

లెక్కల_టీచర్
ఇద్దరూ అసలు విషయం వదిలేశారు. పాఠకుడు ఒక్క రకానికి అతుక్కుంటాడా అంటున్నారు గానీ, వాడి ముందు ఏం పెట్టారని ఎవరూ అడగడం లేదు.

అమెరికా సంగతి చూడండి. కెప్టెన్ అమెరికాను 1941లో తెచ్చిన జో సైమన్, జాక్ కిర్బీలే 1947లో ప్రేమకథల కామిక్స్ మొదలుపెట్టారు. యుద్ధం అయ్యాక సూపర్‌హీరోల జోరు తగ్గింది, నేరాలు, దయ్యాలు, ప్రేమలు బాగా అమ్ముడుపోయేవి. పిల్లలు చెడిపోతున్నారని గొడవ లేచింది. 1954లో ప్రచురణకర్తలే కామిక్స్ కోడ్ అని కట్టడి పెట్టుకున్నారు. పుస్తకం పేరులో 'హారర్' అన్న మాట కూడా ఉండకూడదు. దయ్యాల పుస్తకాలు మూతపడ్డాయి. తర్వాత సూపర్‌హీరోలు మళ్లీ పుంజుకున్నారు. అమెరికా వాళ్లకు సూపర్‌హీరోలు తప్ప పట్టవని మనమంటాం. దుకాణంలో మిగతావి లేకుండా చేసింది పాఠకులా?

మా స్కూల్లో నేను చూసుకునే బీరువా ఒకటుంది. దయ్యాల బొమ్మల కథలు మూలలు గుండ్రంగా అరిగిపోయి, పిన్నులు ఊడి, మధ్య కాగితాలు వేలాడుతుంటాయి. మహనీయుల చరిత్రలు కొత్త పుస్తకం వాసన కూడా పోలేదు. ఎవరైనా చూస్తే ఈ పిల్లలకు దయ్యాలు తప్ప వద్దనుకుంటారు. అరలు విడివిడిగా పెట్టడం మానేసి అన్నీ కలిపి పేర్చాను. దయ్యాల పుస్తకం కోసం చెయ్యి పెట్టినవాడికి పక్కనున్నది తగులుతుంది. తగిలింది తీసుకుంటున్నారు. అందరూ అని అనను. కొందరు బీరువా అంతా వెతికి దయ్యాన్నే పట్టుకెళ్తారు.

వేటగాడు77
మేడం, ఇక్కడ కూడా క్లాసేనా

పాత_అట్ట
టీచర్ గారు నా మాటే చెప్పారు. కలిపి పెడితే కలిపి చదువుతారు. చందమామ చేసిందీ అదే.

ఇంకోటి. మా నాన్నతో మద్రాసు వెళ్లినప్పుడల్లా సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్‌కు పోయేవాళ్లం. 1985లో తగలబడిపోయింది గానీ, అక్కడ పాత ఇంగ్లీషు కామిక్స్ కుప్పలు పోసి ఉండేవి. కౌబాయ్‌లు, యుద్ధాలు, ప్రేమలు, దయ్యాలు. అట్టలు చినిగినవి ఇంకా చవక. ఏది చేతికొస్తే అది. తిరుగు రైల్లో గూడూరు రాకముందే సగం అయిపోయేవి. వాటిని వరసగా బైండు చేయించి దాచాను. అందులో ఒక బైండు ఆఫీసులో ఒకాయన కొడుక్కి ఇచ్చాను. తిరిగొచ్చాక చూస్తే పలచబడి ఉంది. ఏమిటా అని తెరిస్తే, తుపాకులు పేలే పేజీలు కత్తెరతో చక్కగా కత్తిరించుకున్నాడు! మిగతా కథ నాకు వదిలేశాడు. ఒకే రకం పాఠకుడంటే ఎలా ఉంటాడో నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు.

పొగతోట
వాడు ఎడిటర్ అయ్యుంటాడు ఇప్పుడు

గడ్డిటోపీ_కావలి
ఎవడో పిల్లాడు ఎప్పుడో కాగితం కత్తిరిస్తే మా తరానికంతా శిక్షా? వాడు మా తరం కూడా కాదు, లెక్క వేస్తే మా నాన్న వయసు ఉంటుంది.

మీరు మూర్ మార్కెట్‌లో చేతికొచ్చింది తెచ్చుకున్నారు. చందమామలో కొడవటిగంటి కుటుంబరావు ఏరి పెట్టింది చదివారు. ఎంచుకున్నది ఆయనా, ఆ కుప్ప పోసినవాడూ. మీరు కాదు. దొరికింది చదవడాన్ని అభిరుచి అంటున్నారు. నా ఫోన్లో ఇవాళ అన్నీ ఉన్నాయి, అన్నిట్లోంచి ఒకటి ఎంచుకున్నాను. అది నా ఎంపిక.

ఎంచుకోడానికి కారణం కూడా చెప్తాను. ఇంటర్ నెల్లూరులో హాస్టల్లో చదివాను. ఏ కాలేజీ అనేది అనవసరం, అన్నీ ఒకటే. పొద్దున ఐదుకి లేపుడు, రాత్రి పది దాకా స్టడీ అవర్. ఒక స్నేహితుడు ఇచ్చిన వన్ పీస్ అనే మాంగా సంపుటి ఒకటి తలగడ కవర్లో ఉండేది. వార్డెన్ పట్టుకుని అందరి ముందు నిలువునా చింపాడు. "బొమ్మలు చూసే వయసా నీది" అన్నాడు. ఇంటికొస్తే అంతకుముందు కొనుక్కున్నవన్నీ మా నాన్న పాత పేపర్లతో పాటు తూకానికి వేసేశాడు. ఉద్యోగం వచ్చాక అదే సంపుటి మళ్లీ కొన్నాను. 1997లో మొదలైన కథ, వంద సంపుటాలు దాటింది, ఒక్కోటి నాలుగైదు వందలు. ఇంకో రకం చదవడానికి డబ్బులెక్కడివి, టైమెక్కడిది? మీలాంటివాళ్లు వచ్చి నాలుక మొద్దుబారింది అంటారు.

కందుకూరోడు
అన్నా, బాబాయ్, ఇద్దరూ కాస్త నెమ్మది. సరదాగా అడిగాను.

గడ్డిటోపీ_కావలి
నువ్వే కదా కొట్లాటలున్నవే చదువుతారని మొదలెట్టింది.

మార్కాపురం_పలక
చదువుతూ ఉండలేక రాస్తున్నా. మా వీధి చివర అద్దె పుస్తకాల షాపు ఉండేది. నేను డిటెక్టివ్ బొమ్మల పుస్తకం అడిగితే ఆయన "అవి మగపిల్లలవమ్మా" అని రాకుమారి కథలు తీసిచ్చేవాడు. అద్దె ఒకటే, అయినా ఇచ్చేవాడు కాదు. చివరికి మా తమ్ముడిని పంపేదాన్ని. వాడికి ఎంగిలి మిఠాయి లంచం. రిజిస్టర్ తీసి చూస్తే నేను రాకుమారి కథలు తప్ప చదవని పిల్లని. నిజానికి అవి తెరిచేదాన్నే కాదు. ఇప్పుడు హత్య లేని పుస్తకం కొనను. దీన్ని ఒకే రకం అంటారో, ఏమంటారో మీ ఇష్టం.

లెక్కల_టీచర్
పలక గారూ, నేను చెప్పబోయిందీ అదే.

గడ్డిటోపీ, మీ జంప్ గురించి ఒకటి. ఆ పత్రికలో నచ్చిన మూడు కథల పేర్లు రాసి పంపమని పాఠకులకు కార్డు పెడతారు. ఓట్లు రానివి ఆపేస్తారు. అంటే పాఠకుల ఎంపికే కొత్త రకాన్ని మొలకలోనే తుంచేయగలదు. పెద్దాయన భయం పూర్తిగా ఉత్తది కాదు.

పాత_అట్ట
అదీ! ఇంతసేపూ నేను చెప్పలేకపోతున్నది అదే. నువ్వు ఏం చదువుకుంటే నాకేం నాయనా? అందరూ ఒక్కదాన్నే కొంటే అచ్చువేసేవాడు అదొక్కటే వేస్తాడు. మిగతావి చచ్చిపోతాయి. చందమామ ఆగి పదేళ్లు దాటింది. తెలుగులో నెలనెలా ఇన్ని రకాలు ఒక్కచోట పెట్టి పిల్లల చేతికిచ్చే పత్రిక అలాంటిది మళ్లీ ఏది? రకరకాలు చదవడం పాఠకుడి బాధ్యత. ఒక్కదాన్నే పట్టుకున్నవాడిని నేను అభిమాని అంటాను, పాఠకుడు అనను.

గడ్డిటోపీ_కావలి
ఇప్పుడు బయటికొచ్చింది. పాఠకుడిని కాదంట! పొద్దుటి నుంచి పని చేసొచ్చి పడుకునే ముందు ఒక చాప్టర్ చదువుకుంటే దానికి బాధ్యత కూడా తగిలించాలా? నాకు అది సరదా. సరదాకి లెక్క చెప్పను.

మీ నెల్లూరు తిక్కన ఒక్క భారతం పట్టుకుని పదిహేను పర్వాలు రాశాడు. ఆయన్ని కూడా ఒకే రకం అని తీసిపారేస్తారా?

పాత_అట్ట
తిక్కన ముందు నిర్వచనోత్తర రామాయణం రాశాడు. తెలుసుకుని మాట్లాడు.

కందుకూరోడు
మధ్యలో మిగిలిపోయిన అరణ్యపర్వం పూర్తి చేసిన ఎర్రన మా గుడ్లూరు వైపు వాడని చెప్తారు. హరివంశం, నృసింహపురాణం కూడా ఆయనవే. రకరకాలు రాసినవాడు మా వాడే. 😎

వేటగాడు77
కామిక్స్ నుంచి కవిత్రయానికి వచ్చారు. ఇంకో పది పోస్టులకి రొయ్యల చెరువుల్లో తేలతారు.

గడ్డిటోపీ_కావలి
సరే, తిక్కన మీకే. చందమామ చచ్చిపోయిందని బాధపడుతున్నారు కదా, ఆ పాపం మా మీదకి ఎందుకు తోస్తారు? అది ఆగేనాటికి నేను నిక్కర్లేసుకుంటున్నా, చందా కట్టే వయసు కాదు. కొనాల్సినవాళ్లు మీరు. అట్ట నుంచి అట్ట దాకా చదివిన మీ తరం ఏమైంది?

పాత_అట్ట
మా తరం కాబట్టే అన్నేళ్లు నడిచింది.

లెక్కల_టీచర్
పాత అట్ట గారూ, ఎత్తిపొడుపు కాదు, తెలుసుకోవాలని అడుగుతున్నా. మీ ఇంటికి చివరి సంచిక దాకా వచ్చిందా?

పాత_అట్ట
తిక్కన విషయంలో ఇంకొకటి చెప్పాలి. నిర్వచనోత్తరం అంటే మధ్యలో వచనం లేకుండా అంతా పద్యాల్లోనే రాసిన ఉత్తర రామాయణం. భారతానికొచ్చేసరికి పద్యం, వచనం కలిపాడు. ఒక పద్ధతికి అతుక్కోకపోవడం అంటే అదీ.

మార్కాపురం_పలక
టీచర్ గారు అడిగింది తిక్కన గురించి కాదండీ.

గడ్డిటోపీ_కావలి
వదిలేయండక్కా. జవాబు వచ్చేసింది.

పాత_అట్ట
ఏం వచ్చింది జవాబు? చందా సంగతులన్నీ మా ఇంటావిడ చూసుకునేది. ముందు నువ్వు షోనెన్ అంటే రకమా కాదా సరిగ్గా తేల్చుకునిరా, తర్వాత మాట్లాడదాం.