ఊర్లో సీసీ కెమెరాలకు, వీధి దీపాలకు పైసలు ఎట్లా తెచ్చారు? నల్లగొండ, పాలమూరు వాళ్లు జర చెప్పండి

మూసీ_ఒడ్డు:
అందరికీ నమస్తే. మాది నకిరేకల్ వైపు, హైవేకి దగ్గరి ఊరు. 2025 డిసెంబర్ పంచాయతీ ఎన్నికల్లో వార్డు మెంబర్‌గా గెలిచాను. గెలిచిన కొద్ది రోజులకే ఊర్లో రెండు బండ్లు పోయాయి, ఒకాయన దొడ్డిలోంచి గొర్రెలు ఎత్తుకుపోయారు. బావుల కాడ మోటార్ల కేబుల్ కోసుకుపోవడం అయితే మామూలైపోయింది. రాత్రి ఆటో వస్తుంది, పది నిమిషాల్లో పని ముగించుకొని హైవే ఎక్కేస్తుంది. కెమెరాలు పెట్టించమని అందరూ నా మీద పడ్డారు. కార్యదర్శిని అడిగితే ఖాతాలో పైసల్లేవంటాడు. ఎస్సై గారేమో మీరు చందాలు వేసుకోండి, ఎక్కడ పెట్టాలో మేం చూపిస్తాం అంటున్నారు. ఎమ్మెల్యే దగ్గరి వాళ్లు లెటర్ తెమ్మంటున్నారు. ఏం లెటర్, ఎవరి పేరున? మీ ఊళ్లలో ఏ పద్దు కింద చేశారు, ఏది అయింది, ఏది కాలేదు చెప్తే గ్రామసభలో మాట్లాడతాను.

మాజీ_కార్యదర్శి:
తమ్ముడూ, ఊరి భద్రతకు అని మన దగ్గర విడిగా గ్రాంటు లేదు. దాని కోసం ఆఫీసులు తిరిగితే చెప్పులు అరగడం తప్ప ఏం ఉండదు. ఉన్న పద్దుల్లోనే ఇమిడించుకోవాలి.

కేంద్రం పైసల్లో ఎవరికెంతో చెప్పే 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకు ఇచ్చే దాంట్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే కట్టేసింది. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోమంది, జీతాలకూ ఆఫీసు ఖర్చులకూ తప్ప. కాకపోతే ఆ అవసరం రాజ్యాంగం 11వ షెడ్యూల్‌లోని 29 అంశాల్లోకి రావాలి. అందులో గ్రామీణ విద్యుదీకరణ ఉంది, ఉమ్మడి ఆస్తుల నిర్వహణ ఉంది. పోలీసు పని లేదు. అందుకే వీధి దీపాలకు ఖర్చు పెడితే ఎవరూ వేలెత్తి చూపరు, కెమెరాలకు పెడితే ఆడిట్‌లో ప్రశ్న రావచ్చు. ముందే ఎంపీడీఓ దగ్గర రాతపూర్వకంగా తేల్చుకోండి. 2026 ఏప్రిల్ నుంచి 16వ సంఘం కాలం కాబట్టి కొత్త మార్గదర్శకాలు కూడా చూసుకోండి. ఏ సంఘమైనా సరే, గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో పని పేరు ఎక్కి, పంచాయతీల లెక్కలుండే ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో కనబడితేనే బిల్లు అవుతుంది.

మీ కార్యదర్శి అబద్ధం చెప్తున్నాడని అనుకోకండి. 2024 ఫిబ్రవరి నుంచి మొన్నటి ఎన్నికల దాకా ప్రత్యేకాధికారుల పాలనే కదా. పాలకవర్గం లేని పంచాయతీలకు కేంద్రం ఆ నిధులు ఆపేస్తుంది. ట్రాక్టర్ డీజిల్ కూడా అప్పు మీద పోయించిన రోజులవి.

లెటర్ సంగతి. ఎమ్మెల్యే సిఫారసు చేసేది నియోజకవర్గ అభివృద్ధి నిధి, సీడీపీ అంటారు. సర్పంచ్ పేరున దరఖాస్తు, దానికి గ్రామసభ తీర్మానం కాపీ, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) వేసిన ఎస్టిమేట్, ఎస్సై సిఫారసు జత చేయండి. మంజూరు ఉత్తర్వు కలెక్టర్ ఆఫీసు నుంచి రావాలి. ఎమ్మెల్యే సంతకం పడగానే పైసలు వచ్చేశాయని ఊర్లో చాటింపు వేయకండి.

పోలేపల్లి_రోడ్డు:
మాది జడ్చర్ల దగ్గర. సెజ్ (కంపెనీల ప్రత్యేక ఆర్థిక మండలి) పక్కనే కాబట్టి మాకు కంపెనీల దారి దొరికింది. 2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షన్ ఉంది, పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. మా ఊరికి ఒక కంపెనీ కెమెరాలు, స్తంభాలు, రికార్డర్ అన్నీ ఇచ్చింది. పోలీసు సార్లు వచ్చారు, రిబ్బన్ కత్తిరించారు, ఫొటో పేపర్లో పడింది.

అసలు కథ ఆ తర్వాత. కంపెనీ సామాను కొనిస్తుంది గానీ నెలనెలా ఇంటర్నెట్ బిల్లు కట్టదు. మొదటి వానాకాలం రెండు కెమెరాలు పిడుగుకు పోయాయి. తర్వాత కోతులు. కోతులు కేబుల్ పట్టుకొని ఊగుతాయండీ, నవ్వకండి. కనెక్టర్ ఊడి వేలాడుతుంటే ఎక్కి బిగించే మనిషి లేడు. ఏడాది తిరిగేసరికి సగం కూడా పనిచేయట్లేదు. మళ్లీ కంపెనీకి పోతే, ఒకసారి ఇచ్చాం కదా, ఈ ఏడు బడి మరుగుదొడ్లకు ఇస్తున్నాం అన్నారు. వాళ్లను తప్పు పట్టలేం కూడా.

కాబట్టి ఎవరి దగ్గర పైసలు తీసుకున్నా, మూడేళ్ల మరమ్మతు ఒప్పందం అదే కొటేషన్‌లో కలిపి అడగండి. విడిగా అడిగితే రాదు.

హాలియా_రైతు:
కెమెరా వల్ల ఊరి మధ్యలో బండ్లు పోవడం తగ్గుతుందేమో. బావుల కాడ ట్రాన్స్‌ఫార్మర్ పగలగొట్టి ఆయిల్ పారబోసి రాగి తీసుకుపోతే ఏ కెమెరా చూస్తుంది? నాట్ల టైంలో పోయిందంటే కొత్తది వచ్చేదాకా మడి ఎండుడే. మాకు పనికొచ్చింది ఒక్కటే. ఊరి నుంచి హైవేకి పోయే రెండు దారుల్లో కెమెరా పెట్టారు. దొంగ ఎక్కడ దొంగతనం చేసినా ఆ దారినే పోవాలి. చౌరస్తాలో నాలుగు పెట్టే బదులు ఊరు దాటే చోట ఒకటి మంచిది పెట్టండి, నంబర్ ప్లేట్ చదివే రకం.

తండా_టీచర్:
మూసీ ఒడ్డు తమ్ముడూ, అందరూ కెమెరా కెమెరా అంటున్నారు, ముందు దీపాల సంగతి మాట్లాడండి. మాది దేవరకొండ వైపు తండా, 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక పంచాయతీ అయింది. ఇంటి పన్ను ఎంత వస్తుందని? డిగ్రీ కాలేజీ నుంచి పిల్లలు సాయంత్రం బస్సు దిగి మెయిన్ రోడ్డు నుంచి తండాకు నడిచి రావాలి. మధ్యలో కల్వర్టు, దాని పక్కనే బెల్టు షాపు, లైసెన్సు లేని మందు దుకాణం. చీకటి పడితే ఆ ముక్కలో ఒక్క దీపం లేదు. ఇద్దరు ఆడపిల్లలు చదువు మానేస్తామన్నది అక్కడి మాటలు పడలేకనే. వాళ్లకు కావాల్సింది వెలుతురు, ఆ బెల్టు షాపు అక్కడి నుంచి లేవడం. కెమెరా తర్వాత.

పక్క ఊర్లో కెమెరాలు పెట్టారు. టీవీ తెర పంచాయతీ ఆఫీసు ముందు గదిలో, ఎవరొచ్చినా కుర్చీ వేసుకొని చూస్తారు. ఫలానా అమ్మాయి బస్టాపులో ఎవరితో మాట్లాడిందో తెల్లారేసరికి ఇంట్లో తెలుస్తుంది. దొంగ దొరికాడో లేదో గానీ ఒక పిల్లకు ఫోన్ లాగేసుకున్నారు. తీర్మానం రాసేటప్పుడు ఫుటేజీ ఎవరు చూడొచ్చో, ఎవరు చూడకూడదో కూడా రాయండి. దాంట్లో ఆడవాళ్ల సంతకాలు ఉండాలి.

మేం దీపాలు ఎట్లా తెచ్చామంటే, ఎంపీ నిధులకు పెట్టుకున్నాం. ఏటా ఎంపీకి ఉండే 5 కోట్లలో 15 శాతం ఎస్సీలు, 7.5 శాతం ఎస్టీలు ఉండే చోట్లకు సిఫారసు చేయాలని నిబంధన. ఆ మాట దరఖాస్తు మొదటి వాక్యంలోనే రాశాం. కల్వర్టు దాకా స్తంభాలు పడ్డాయి. బెల్టు షాపు మాత్రం అక్కడే ఉంది, ఆ లొల్లి వేరే.

పాలమూరు_ఎలక్ట్రీషియన్:
అక్క చెప్పింది నిజం. దీపాల్లో ఒక మెలిక ఉంది, చూసుకోండి. స్తంభాల మీద వీధి దీపాలకు విడిగా మూడో వైరు లేకపోతే స్విచ్ ఉండదు, పగలు కూడా వెలుగుతూనే ఉంటాయి. బిల్లు పంచాయతీ నెత్తిన, బల్బులు తొందరగా పోతాయి. ఊళ్లు బాగుచేసే పల్లె ప్రగతి కార్యక్రమం టైంలో చాలా ఊళ్లకు మూడో వైరు లాగారు గానీ తర్వాత పెరిగిన కాలనీల్లో ఉండదు. ఎస్టిమేట్‌లో బల్బులతో పాటు వైరు, మీటరు కూడా వేయించండి.

కెమెరాల గురించి. నేను మరమ్మతుకు పోయిన చోటల్లా ఎక్కువగా చూసేది సాలెగూడు. రాత్రి చూపుకోసం కెమెరాలో ఉండే ఎర్రటి లైట్లకు పురుగులు వస్తాయి, పురుగుల కోసం సాలీడు గూడు కడుతుంది. రాత్రంతా తెర మీద తెల్లటి పొర తప్ప ఏమీ కనబడదు. కర్రకు గుడ్డ కట్టి నెలకోసారి తుడిస్తే చాలు, దానికి టెక్నీషియన్ అక్కర్లేదు. రెండోది గడియారం. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా రికార్డర్ తేదీ 2000 సంవత్సరానికి పోతుంది, లోపలి చిన్న బ్యాటరీ అయిపోయి ఉంటుంది. దొంగతనం జరిగిన రాత్రి వెతికితే దొరకదు. బ్యాటరీ మార్చడానికి చాయ్ ఖర్చు కూడా కాదు, ఎవరూ పట్టించుకోరు.

హార్డ్ డిస్క్ దగ్గర కక్కుర్తి పడకండి. ఒక్కో కెమెరా రోజుకు 16 జీబీ రాస్తే, 8 కెమెరాలు 30 రోజులకు 3,840 జీబీ. అంటే 4 టీబీ కావాలి. 1 టీబీ పెట్టి వారానికే చెరిపేసుకుంటున్న ఊళ్లు చూశాను. ఎర్తింగ్, యూపీఎస్ లేకుండా మాత్రం అసలు పెట్టొద్దు.

సిటీకి_పోయిన_పిల్లోడు:
నేను క్రిమినాలజీ, అంటే నేరాల శాస్త్రం చదువుతున్నా, రెండు ముక్కలు. 2019లో 40 ఏళ్ల సీసీటీవీ అధ్యయనాలన్నీ కలిపి ఒక సమీక్ష వచ్చింది, ఎక్కువగా బ్రిటన్, అమెరికా లెక్కలు. కెమెరా ఉన్న చోట్ల నేరాలు సగటున 13 శాతం తగ్గాయని తేలింది. ఎక్కువ తగ్గింది కార్ పార్కింగుల్లో. ఊరికే రికార్డు చేసే వాటికంటే ఎవరో ఒకరు కూర్చొని చూసే కెమెరాలు, దీపాలూ గస్తీలతో కలిపి పెట్టినవి మెరుగ్గా పనిచేశాయి. ఇంగ్లండ్‌లో 2020లో సేఫర్ స్ట్రీట్స్ ఫండ్ అని విడిగానే గ్రాంటు పెట్టారు. దీపాలు, కెమెరాలు, ఇళ్ల తాళాలు అన్నీ దాని కిందే చేశారు. మన దగ్గర అట్లాంటిది లేదు కాబట్టే ఈ తిప్పలు.

హాలియా_రైతు:
తమ్మీ, 13 శాతమా? మా ఊర్లో కెమెరా పెట్టాక మొత్తానికే ఆగినయి.

సిటీకి_పోయిన_పిల్లోడు:
పక్క ఊర్లో పెరిగాయేమో కూడా అడగండి అన్నా.

హాలియా_రైతు:
అది వాళ్లను అడగాలె.

కోర్టు_గుమ్మం:
నల్లగొండలో ప్రాక్టీస్ చేస్తాను. ఎవరూ చెప్పని సంగతి ఒకటి. ఫుటేజీ కోర్టులో చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. ఇది 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది, అంతకుముందు పాత సాక్ష్య చట్టంలో 65బి అనేవాళ్లం. ఆ పరికరం ఎవరి చేతికింద ఉందో వాళ్లు, ఒక నిపుణుడు కలిసి సంతకం పెట్టాలి. రికార్డర్ సర్పంచ్ ఇంట్లో, పాస్‌వర్డ్ ఆయన అల్లుడి దగ్గర, పేపరు మీద ఎవరి పేరూ లేదంటే ముద్దాయి తరఫు వకీళ్లకు పండగే. తీర్మానంలోనే ఒక మనిషి హోదా రాయండి, పేరు కాదు. రికార్డర్ తాళం ఉన్న పెట్టెలో ఉండాలి, ఎవరు ఎప్పుడు కాపీ తీసుకున్నా రిజిస్టర్‌లో రాయాలి. తండా టీచర్ గారి సమస్య కూడా దీంతో సగం తీరుతుంది.

ఇంకోటి. 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం ప్రకారం ఒకేసారి వంద మంది, అంతకు మించి చేరే సంస్థలు సొంత ఖర్చుతో కెమెరాలు పెట్టుకొని 30 రోజుల ఫుటేజీ ఉంచాలి. ఫంక్షన్ హాళ్లు, పెద్ద దుకాణాలు, ప్రైవేటు బడులు అన్నీ వస్తాయి. మీ రోడ్డు మీద అట్లాంటివి ఉంటే పంచాయతీ పైసలు అక్కడ ఖర్చు పెట్టడం దండగ.

మాజీ_కార్యదర్శి:
వకీలు గారు మంచిది గుర్తు చేశారు. చందాల సంగతి కూడా చెప్పి పోతా. పోలీసుల ‘నేను సైతం’ అనే కార్యక్రమం కింద దుకాణాల వాళ్ల దగ్గర, ఊరోళ్ల దగ్గర చందాలతో పెట్టినవే మన వైపు ఎక్కువ. తప్పేం లేదు. కానీ ప్రతి రూపాయికి పంచాయతీ రసీదు ఇచ్చి సాధారణ నిధిలో జమ చేయించండి. ఒకరి జేబులోంచి నడిస్తే వచ్చే ఎన్నికల దాకా అదే ముచ్చట. వీధి దీపాలకు పంచాయతీలో స్టాండింగ్ కమిటీ ఉండాలని 2018 పంచాయతీరాజ్ చట్టంలోనే ఉంది, మీరు దాంట్లో చేరండి. వార్డు మెంబర్‌కు అంతకంటే పట్టు ఇచ్చేది ఏదీ లేదు.

మూసీ_ఒడ్డు:
అందరికీ పెద్ద దండం. గ్రామసభకు ఇట్లా పోదామనుకుంటున్నా. బస్టాపు నుంచి ఎస్సీ కాలనీ దాకా దీపాలు, మూడో వైరుతో సహా ఆర్థిక సంఘం నిధుల్లో. హైవేకి పోయే రెండు దారుల్లో కెమెరాలకు సీడీపీ దరఖాస్తు, మరమ్మతు కలిపి. రికార్డర్ కార్యదర్శి హోదా పేరున. తెర ఎవరికీ కనబడే చోట ఉండదు. టీచర్ అక్కా, ఆడవాళ్ల సంతకాల మాట నేనే చదివి వినిపిస్తా.

ఒక్క చిక్కు. హైవే దారి మీద ఉన్న ఫంక్షన్ హాల్ మా ఉపసర్పంచ్ బావమరిదిది. బయట ఒక్క కెమెరా లేదు. పంచాయతీ చెక్కు మీద రెండో సంతకం ఉపసర్పంచ్‌దే. ఆ చట్టం సంగతి ఎవరు చెప్పాలి?

కోర్టు_గుమ్మం:
మీరు చెప్పకండి. స్టేషన్ నుంచి నోటీసు వస్తే అందరికీ మర్యాదగా ఉంటుంది. ఊర్లో అట్లాంటి సంస్థలన్నిటి జాబితా రాసి ఎస్సైకి ఇవ్వండి, ఆ హాలు పేరు మధ్యలో ఎక్కడో రాయండి.

పోలేపల్లి_రోడ్డు:
మూడో పేరుగా రాయండి అన్నా. మొదటి రెండూ అందరూ చదువుతారు.