అప్‌డేట్: ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటకి తేలిక రైఫిలా, బరువుదా? (రెండో తూటా ఎక్కని సమస్య తీరింది)

కొలరాడోలో నా మొదటి ఎల్క్ వేటకి ఆరున్నర పౌన్ల, ఎక్కువ శక్తిమంతమైన తూటాలు వాడే .300 విన్‌మాగ్ కొనాలా, స్కోప్ (గురి చూసే దుర్బిణి)తో కలిపి ఎనిమిదిన్నర పౌన్లున్న నా పాత .30-06 రైఫిల్ సరిపోతుందా అని ఆగస్టులో అడిగాను. గబగబా పేలిస్తే రెండో తూటా ఎక్కట్లేదనీ రాశాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

గన్‌స్మిత్ చూశాడు, రైఫిల్‌లో లోపమేం లేదు. నేనే బోల్ట్‌ని (ఖాళీ గుండు బయటికి తీసి కొత్త తూటా ఎక్కించడానికి చేత్తో వెనక్కీ ముందుకీ ఆడించే భాగం) చివరిదాకా లాగట్లేదు. లాంగ్ యాక్షన్ కదా (పొడవు తూటాల కోసం బోల్ట్ ఎక్కువ దూరం కదలాల్సిన రకం), ఇంకో అర అంగుళం ఉండగానే ముందుకి తోసేస్తున్నా. దానికి తోడు 90 డిగ్రీలు ఎత్తాల్సిన హ్యాండిల్, నా వేలి కణుపులు స్కోప్‌కి తగిలి చెయ్యి జంకేది. స్కోప్‌ని పట్టి ఉంచే రింగులు కాస్త ఎత్తువి వేయించాను. మీలో ఒకరు చెప్పినట్టు, రైఫిల్ భుజం మీంచి దించకుండా డమ్మీ రౌండ్లతో (పేలని ఉత్తుత్తి తూటాలు) రోజూ ఇరవైసార్లు బోల్ట్ ఆడించాను. అసలు పనిచేసింది ఇదే. ఆయిల్ మార్చడం, తూటాల బ్రాండ్ మార్చడం వల్ల ఏ తేడా రాలేదు.

తేలిక .300ని స్నేహితుడి దగ్గర తీసుకుని రేంజ్‌లో కాల్చి చూశాను. ఐదో తూటాకే, రైఫిల్ వెనక్కి తన్నే దెబ్బకి భయపడి, ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసుకుంటున్నా. కొనలేదు.

కొండెక్కేటప్పుడు ఎనిమిదిన్నర పౌన్లు భుజాన్ని కోసేశాయి, నిజమే. కానీ 210 గజాల్లో ఆడ ఎల్క్ మొదటి దెబ్బకి నిలబడే ఉంటే, స్కోప్‌లోంచి కన్ను తీయకుండానే రెండోది వేశాను. అక్కడే పడిపోయింది.