హ్యాంగర్‌లో సొంత సామాన్లు: ఏవి పెట్టుకోవచ్చు, ఏవి కూడదు?

చెరోకీ_టెక్సస్

అందరికీ నమస్కారం. డాలస్‌కి ఉత్తరాన ఒక చిన్న మున్సిపల్ ఎయిర్‌పోర్టులో నేనూ నా ఫ్రెండూ కలిసి పైపర్ చెరోకీ 140 అనే చిన్న విమానం నడుపుతున్నాం. దాన్ని పెట్టడానికి టీ-హ్యాంగర్, అంటే ఒక్క విమానం పట్టే T ఆకారపు షెడ్డు, సిటీ ప్రభుత్వం నుంచి అద్దెకి తీసుకున్నాం. విమానం కాకుండా అందులో ఒక సోఫా, చిన్న ఫ్రిజ్, టూల్ చెస్టు, మా ఫ్రెండ్ మోటార్‌సైకిల్ ఉన్నాయి.

ఇప్పుడు మా ఊరి తెలుగు సంఘం వాళ్లు ఒక సాయం అడిగారు. ఉగాదికి వాడిన స్టేజీ ఫ్రేములు, స్పీకర్లు, పెద్ద వంట గిన్నెలు దసరా దాకా మా హ్యాంగర్‌లో పెట్టుకుంటామంటున్నారు. మా పిల్లలు పెరిగిందే ఆ సంఘంలో, కాదనడానికి మనసొప్పడం లేదు. సరిగ్గా ఇప్పుడే వచ్చే నెల ఇన్‌స్పెక్షన్ ఉందని ఎయిర్‌పోర్టు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. విమానాలకి సంబంధం లేని వస్తువులు ఉండకూడదని రాశారు కానీ ఏవేవో చెప్పలేదు. ఫ్రిజ్ కూడా తీసేయాలా? కాస్త టెన్షన్‌గా ఉంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

జెర్సీ_172

ఫ్రిజ్, సోఫా గురించి దిగులు పడకండి. మా దగ్గర ప్రతి హ్యాంగర్‌లోనూ ఉన్నాయి, తీసేయమని ఎవరూ అనలేదు. మా దగ్గర పెద్ద పేచీ గ్రిల్లుకి పెట్టే ప్రొపేన్ సిలిండర్ల మీదే వచ్చింది. అవి కనిపిస్తే ఫైర్ మార్షల్ అక్కడికక్కడే తీయించేశాడు.

లీజు_చదివినవాడు

చెరోకీ గారూ, నేను మా ఎయిర్‌పోర్టు సలహా బోర్డులో ఉన్నాను, ఈ గొడవ మా మీటింగుల్లో తరచూ వస్తుంది. కొంచెం వివరంగా చెప్తాను.

దీనికి మూలం 2016 జూన్‌లో ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) ప్రకటించిన హ్యాంగర్ విధానం. 2017 జులై 1 నుంచి అమల్లో ఉంది. ఫెడరల్ గ్రాంటు తీసుకున్న ఎయిర్‌పోర్టులన్నిటికీ ఇది వర్తిస్తుంది. మీ హ్యాంగర్ ఎవరి డబ్బుతో కట్టారన్నది లెక్కలోకి రాదు. గ్రాంటు తీసుకునేటప్పుడు ఊరు కొన్ని హామీల మీద సంతకం పెడుతుంది. విమానాలకి కేటాయించిన స్థలాన్ని విమానాలకే వాడాలన్నది వాటి నుంచి వచ్చిందే. విమానాల కోసం హ్యాంగర్‌ని మార్కెట్ రేటు కన్నా తక్కువకి ఇవ్వొచ్చు, వేరే అవసరానికి ఇస్తే మాత్రం మార్కెట్ రేటు వసూలు చేయాల్సిందే. చవగ్గా దొరికిన హ్యాంగర్ గోడౌన్‌గా మారితే ఆ నష్టం ఎయిర్‌పోర్టుదే.

ఇక మీ ప్రశ్న. సొంత వస్తువులు అసలే ఉండకూడదని ఆ విధానం అనలేదు. హ్యాంగర్ ముఖ్యంగా విమానం కోసమే వాడుతుంటే, దానికి అడ్డం రాని వస్తువుల్ని ఎయిర్‌పోర్టు అనుమతించవచ్చు. అడ్డం అంటే ఏమిటో కూడా రాశారు. విమానం లోపలికి బయటికి కదలడానికి ఇబ్బంది కలిగించేవి, విమానం చోటు ఆక్రమించేవి, విమానం దగ్గరికి వెళ్లే దారి మూసేవి. అక్కడి నుంచి వేరే వ్యాపారం నడపడం, దాని సరుకు దాచడం కూడా ఇందులోకే వస్తాయి. లీజుకీ ఫైర్ కోడ్‌కీ విరుద్ధంగా పెట్టినవి ఎలాగూ కుదరవు. కాపురం ఉండటం పూర్తిగా నిషేధం.

మీరు ఫ్లయింగ్‌కి వెళ్లినప్పుడు ఖాళీ అయిన చోట కారు పెట్టుకుంటే తప్పు కాదని స్పష్టంగానే ఉంది. టో-బార్ (విమానాన్ని చేత్తో లాగే కడ్డీ), వర్క్ బెంచ్, విమానం పనికి వాడే టూల్స్ అయితే విమానానికి సంబంధించినవే, వాటి గురించి ఆలోచించకండి.

ఒక్క సంగతి మరిచిపోవద్దు. ఎఫ్‌ఏఏ చెప్పింది పై హద్దు మాత్రమే. ఎయిర్‌పోర్టు దానికన్నా గట్టి రూలు పెట్టుకోవచ్చు. ముందు మీ లీజు తీసి చదవండి.

వడగళ్ల_బాధితుడు

అన్నా, అవతలి వైపు నుంచి ఒక మాట. నేను హ్యాంగర్ కోసం వెయిటింగ్ లిస్టులో ఉన్నాను, నా సెస్నా విమానం బయట తాళ్లతో కట్టేసి ఉంటుంది. ఈ వసంతంలో వడగళ్ల వాన పడి రెక్కల పైభాగమంతా గుంటలు పడింది. తోక దగ్గర కదిలే ఎలివేటర్ మీద రేకు నొక్కుకుపోయింది. చెయ్యి పెట్టి రాస్తుంటే ఒక్కో గుంటా వేళ్లకి తగులుతుంటే ఎంత బాధగా ఉందో చెప్పలేను. సరిగ్గా ఎదురుగా ఉన్న హ్యాంగర్ తలుపు ఒకరోజు తెరిచి ఉంది. లోపల ఒక పడవ, ఒక ట్రైలరు, పైకప్పు దాకా అట్టపెట్టెలు. విమానం లేదు. ఆఫీసుకి రాస్తే చూస్తామన్నారు, ఇంకా చూస్తూనే ఉన్నారు.

మీ సోఫా గురించి కాదు నా కోపం, మీ విమానం ఎగురుతోంది. ఎగరని చోట్ల గురించి.

లీజు_చదివినవాడు

మీ బాధ న్యాయమైనది. ఊరుకోకండి. ఆఫీసు కదలకపోతే ఎఫ్‌ఏఏ ప్రాంతీయ ఆఫీసుకి వాళ్ల నిబంధనల్లోని పార్ట్ 13 కింద మామూలు ఫిర్యాదు రాయొచ్చు, దానికి లాయరు అక్కర్లేదు. పార్ట్ 16 అంటే అధికారిక కేసు, అది తర్వాతి మెట్టు. వెయిటింగ్ లిస్టు ఉన్న ఎయిర్‌పోర్టులో పడవలకి హ్యాంగర్ ఇచ్చామని సమర్థించుకోవడం వాళ్లకి చాలా కష్టం. అడిగేవాళ్లు లేక హ్యాంగర్లు ఖాళీగా ఉంటేనే, అదీ ఎఫ్‌ఏఏ ఒప్పుకుంటేనే, వేరే పనికి తాత్కాలికంగా ఇవ్వాలి.

ఆర్‌వీ_కడుతున్నా

కిట్ విమానాలు, అంటే విడిభాగాలు కొని సొంతంగా బిగించుకునేవి, కట్టేవాళ్ల కోసం ఒక మాట. నేను ఆర్‌వీ-7 అనే కిట్ విమానం కడుతున్నాను. ఈ విధానానికి 2014లో వచ్చిన ముసాయిదాలో చివరి బిగింపు పని మాత్రమే హ్యాంగర్‌లో చేసుకోవాలన్నట్టు రాశారు. గరాజులో మొదలుపెట్టి ఏళ్ల తరబడి రివెట్లు కొట్టుకునే మాలాంటివాళ్లం చాలా కంగారుపడ్డాం. ఈఏఏ (సొంతంగా విమానాలు కట్టుకునేవాళ్ల సంఘం) వాళ్లు, దేశం నలుమూలల నుంచి బిల్డర్లు వేల సంఖ్యలో అభిప్రాయాలు పంపారు. 2016 తుది విధానంలో, వ్యాపారం కోసం కాకుండా సొంతంగా కట్టుకోవడం కూడా విమాన సంబంధమైన పనే అని రాశారు. 2018లో కాంగ్రెస్ దాన్ని చట్టంలోనూ చేర్చింది. రాసి పంపితే వింటారా అని అనుమానం ఉన్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

అయితే పని జరుగుతున్నట్టు కనిపించాలి. టైర్లలో గాలి పోయి, ఇంజన్ మీద బూజు పట్టి, ఎప్పటికీ ఎగరని విమానాన్ని ముందు పెట్టుకుని వెనకాల ఫర్నిచర్ నింపితే కుదరదు. రిపేరు కోసం ఉంచుకోవచ్చు, నిరవధికంగా దాచుకోవడానికి కాదు.

ఫ్లోరిడా_హ్యాంగర్_ఓనర్

మాది అద్దె హ్యాంగర్ కాదు, సొంతంగా కట్టుకున్నాం. నేల మాత్రం ఎయిర్‌పోర్టు దగ్గర లీజు. సొంతం కదా ఏమైనా పెట్టుకోవచ్చని చాలామంది అనుకుంటారు. కాదు, ఇదే రూలు మాకూ వర్తిస్తుంది.

చెరోకీ_టెక్సస్

చాలా థాంక్సండీ. లీజు తీసి చదివాను. "అద్దెదారుకు చెందని వస్తువులు రాతపూర్వక అనుమతి లేకుండా నిల్వ చేయరాదు" అని ఉంది. మరి సంఘం సామాను లాభాపేక్ష లేని పని కదా, అడిగితే ఇస్తారంటారా? మా చెరోకీ రెక్కలు 30 అడుగులే, తలుపు 40 అడుగులు. రెండు పక్కలా చోటు మిగులుతుంది.

లీజు_చదివినవాడు

అడగడంలో తప్పు లేదు, కానీ నా సలహా అడగొద్దనే. పుణ్యకార్యమైనా, వ్యాపారమైనా, హ్యాంగర్ వేరేవాళ్ల గోడౌన్ అయిందంటే ఒకటే. పైగా ఆ చోటు చూసి మోసపోకండి. తోకని లోపలికి తోసి పెడతారు కాబట్టి రెక్క చివర్లు తలుపు వైపే ఉంటాయి. స్టేజీ ఫ్రేము ఒకటి జారి రెక్క మీద పడితే ఆ ఖర్చు ఎవరు భరించాలి? సంఘంవాళ్లు తలా కాస్త వేసుకుని స్టోరేజ్ యూనిట్ తీసుకుంటే అందరికీ క్షేమం. మీరు ముందుగా మీ వాటా ఇవ్వండి, సాయం చేసినట్టూ ఉంటుంది.

మోటార్‌సైకిల్‌కి ఒక పరీక్ష ఉంది. ఒక్కరే టో-బార్ పట్టుకుని, ఏ వస్తువూ జరపకుండా విమానాన్ని బయటికి లాగి మళ్లీ లోపల పెట్టగలరా? పెట్టగలిగితే అది అడ్డం కాదని వాదించొచ్చు. బైకు ముందు జరపాల్సి వస్తే దాన్ని తోక పక్కన మూలకి చేర్చండి.

జెర్సీ_172

మా ఇన్‌స్పెక్షన్‌లో విమానం రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కాగితాలు కూడా అడిగారు. కాపీలు హ్యాంగర్‌లోనే ఉంచుకోండి. ఎక్స్‌టెన్షన్ తీగకి తగిలించిన ఫ్రిజ్ ఉంటే నేరుగా గోడ ప్లగ్గుకి మార్చండి, మా దగ్గర దాని మీద కూడా రాశారు.

చెరోకీ_టెక్సస్

బైకు మూలకి చేర్చాం. ఒక్కడినే లాగి చూశాను, విమానం దేనికీ తగలకుండా బయటికి వచ్చింది. సోఫా, ఫ్రిజ్, బైకు ఉంచుకోవచ్చా అని మేనేజర్‌కి ఫోటోలతో ఈమెయిల్ పెట్టాను. దారి ఖాళీగా ఉన్నంతకాలం అభ్యంతరం లేదని జవాబిచ్చారు. దాన్ని ప్రింట్ తీసి లీజు కాగితాలతో పెట్టాను. సంఘం వాళ్లతో మాట్లాడాను, స్టోరేజ్ యూనిట్‌కి ఒప్పుకున్నారు. మొదటి రెండు నెలల అద్దె నాది, మా ఫ్రెండ్‌ది.