మేనేజింగ్ ట్రస్టీ కాలం చేశారు, ఆ స్థానం ఎలా భర్తీ చేయాలి? (చెన్నై)

ప్రశ్న: పెరంబూరులో మా తెలుగువాళ్ల చారిటబుల్ ట్రస్ట్ ఉంది. పేద పిల్లలకు కాలేజీ ఫీజులు కడతాం. మేనేజింగ్ ట్రస్టీగారు కాలం చేశారు. ఇక మిగిలింది నలుగురం. వాళ్లబ్బాయికే ఇవ్వాలని కొందరు, కూడదని కొందరు. చెక్కులు ఆగిపోయాయి, ఫీజు గడువు దగ్గరపడుతోంది. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ట్రస్ట్ డీడ్, అంటే ట్రస్ట్ నిబంధనలు రాసిన పత్రం, తీయండి. దొరక్కపోతే రిజిస్టర్ చేసిన సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీకి అర్జీ పెట్టండి. ఖాళీ వస్తే ఎవరు నింపాలి, కోరం (మీటింగ్‌కు కనీసం రావాల్సినవాళ్లు) ఎంత అన్నది అందులోనే చూడాలి. వారసత్వం అని డీడ్‌లో ఉంటే తప్ప, కొడుకైనంత మాత్రాన పదవి రాదు. ఎవరైనా 1882 నాటి ట్రస్టుల చట్టం, కొత్త ట్రస్టీ నియామకం గురించిన 73వ సెక్షన్ చూపిస్తే కంగారు పడకండి. అది ప్రైవేటు ట్రస్టులకు. ధర్మసంస్థలను ఆ చట్టం మొదటి సెక్షన్‌లోనే మినహాయించింది.

ప్రశ్న: డీడ్ చూశానండీ. 'మిగిలిన ట్రస్టీలు మెజారిటీతో' అని ఉంది. మేమేమో ఇద్దరిద్దరుగా చీలిపోయాం.

జవాబు: అన్నా, మీకు ఖాళీలు రెండు. ఒకటి ట్రస్టీ కుర్చీ, రెండోది మేనేజింగ్ బాధ్యత. గొడవంతా మొదటిదాని మీదే కదా, దాన్ని పక్కన పెట్టండి. డీడ్ అడ్డురాకపోతే, ఉన్న నలుగురిలో ఇరువైపులా నమ్మే పెద్దమనిషికి తాత్కాలికంగా మేనేజింగ్ బాధ్యత అప్పగించండి. పిల్లల చదువు ఆగకూడదంటే ఎవరూ కాదనరని నా నమ్మకం. నోటీసు అందరికీ రాతపూర్వకంగా పంపండి. మినిట్స్ బుక్‌లో 'ఫలానావారి మరణం వల్ల ఏర్పడిన ఖాళీలో, డీడ్ ఫలానా క్లాజు ప్రకారం' అని రాసి, ఎవరు బలపరిచారో, ఎవరు వ్యతిరేకించారో కూడా ఎక్కించి, వచ్చినవాళ్లందరి సంతకాలు పెట్టించండి. ఆ తీర్మానం కాపీ, డెత్ సర్టిఫికెట్, డీడ్, కొత్తగా సంతకం చేసేవారి కేవైసీ పట్టుకుని బ్యాంకుకు వెళ్లండి.

ప్రశ్న: ఆయన ముందే సంతకం పెట్టి ఉంచిన చెక్కులు రెండున్నాయి. ఫీజుకు వాడొచ్చా?

జవాబు: వద్దండీ, దయచేసి వాడకండి. బ్యాంకుకు తిరిగి ఇచ్చేయండి. ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్లోనూ ఆయన డిజిటల్ సంతకం ముట్టుకోవద్దు. ఆడిటర్‌గారితో వివరాలు మార్పించండి. కాలేజీకి ఈలోగా ట్రస్ట్ లెటర్‌హెడ్ మీద గడువు అడుగుతూ ఉత్తరం ఇవ్వండి.

ఇంకొకరు: రాజీ అసలే కుదరకపోతే సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ ఉంది. ట్రస్టుతో సంబంధం ఉన్న ఇద్దరు, కోర్టు అనుమతి తీసుకుని, కొత్త ట్రస్టీని నియమించమని దావా వేయొచ్చు. ఏళ్లు పట్టొచ్చు కనుక అది ఆఖరి దారిగానే ఉంచుకోండి.

ప్రశ్న: ఆదివారం మీటింగ్‌కు నోటీసు పంపుతున్నాను. డీడ్‌లో ఏడు రోజుల ముందే నోటీసు ఇవ్వాలని ఉంది, కాబట్టి మీటింగ్ ఈ ఆదివారం కాదు, ఆపై ఆదివారం.