ముసురు పట్టకముందే నాయనకు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

ప్రశ్న (కావలి నుంచి)

మా నాయనకు 74 ఏళ్లు. షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. నిరుడు కార్తీక మాసంలో వాయుగుండం పట్టి నాలుగు రోజులు ముసురు కురిసినప్పుడు, మా చిన్నవాడు బడి నుంచి తెచ్చుకున్న రొంప ఆయనకు అంటుకుంది. వారం తిరిగేసరికి ఊపిరితిత్తులకు నెమ్ము చేరి ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. ఒళ్లు పెద్దగా కాలలేదు కదా అని మూడు రోజులు ఇంట్లోనే ఉంచుకున్నందుకు నేను ఇప్పటికీ బాధపడుతున్నాను. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, రాత్రిపూట పెరుగన్నం వల్లే అలా జరిగిందని మా అమ్మ నమ్మకం. ఫ్లూ టీకా ఎప్పుడు వేయించాలి, దానితో సరిపోతుందా అన్నది తెలిసినవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

జవాబు (ఒంగోలు నుంచి, నర్సు)

ఫ్లూ టీకా తప్పకుండా వేయించండి. టీకా పనిచేయడానికి సుమారు 2 వారాలు పడుతుంది, మన రెండు జిల్లాలకూ పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి కాబట్టి, సెప్టెంబరులోనే వేయించుకోవడం మంచిదని నా అభిప్రాయం. జనవరి నుంచి మార్చి వరకు మళ్లీ పెరిగే ఫ్లూకు కూడా అది అడ్డు నిలుస్తుంది. నిరుడు వేసిన టీకా ఈ ఏటికి చాలదు, ఎందుకంటే ఈ వైరస్ రూపు మార్చుకుంటూ ఉంటుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ టీకాలో ఏ రకాలు ఉండాలో ఏడాదికి 2 సార్లు నిర్ణయిస్తుంది.

సూది ద్వారా వేసే టీకాలో బతికిన వైరస్ ఉండదు కాబట్టి దానివల్ల ఫ్లూ రాదు. ఒకటి రెండు రోజులు చెయ్యి నొప్పి, కాస్త నలత ఉండవచ్చు. అయితే మామూలు జలుబుకు 200కు పైగా వైరస్‌లు కారణం, వాటిని ఈ టీకా ఆపలేదు. నాయనగారికి ఒకసారి నెమ్ము చేసింది కాబట్టి న్యుమోకాకల్ టీకా గురించి కూడా డాక్టరుగారిని అడగండి.

జవాబు (కందుకూరు నుంచి)

మా అత్తగారికి 80 దాటాయి. మా ఇంట్లో పాటించేది చెబుతాను. పిల్లలు బడి నుంచి రాగానే సబ్బుతో చేతులు కడుక్కున్న తరువాతే నాయనమ్మ దగ్గరికి వెళ్లాలి. ఎవరికైనా తుమ్ములు మొదలైతే వారు వేరే గదిలో పడుకుంటారు, ఆమెకు అన్నం పెట్టేవారు మాస్కు పెట్టుకుంటారు. ముసురుకు జడిసి కిటికీలన్నీ బిగించుకోవడం మనకు అలవాటు. జల్లు కొట్టని వైపు కిటికీ ఒకటి తెరిచే ఉంచుతాము. మీ అమ్మగారి మాట తీసివేయకండి. చన్నీళ్లు వైరస్‌ను పుట్టించవు, పెరుగన్నమూ పుట్టించదు, కానీ ఆ వయసులో వేడినీళ్ల స్నానం ఒంటికి హాయి. రాత్రి పడుకోబోయే ముందు ఆవిరి పట్టిస్తాము.

జవాబు (నెల్లూరు నుంచి, మందుల దుకాణం)

ఆవిరి ముక్కుదిబ్బడకు కాస్త ఉపశమనమే తప్ప జబ్బును అడ్డుకోదు. దుప్పటి కప్పుకొని మరిగే గిన్నె మీద వంగినప్పుడు చేతులు వణికే పెద్దలకు ఒళ్లు కాలే ప్రమాదం ఉంది, దయచేసి మానండి.

షాపుకు వచ్చి జలుబు బిళ్ల ఇవ్వమని అడిగేవారిలో చాలామంది బీపీ సంగతి చెప్పరు. ముక్కుదిబ్బడ తగ్గించే కొన్ని మందులు బీపీని పెంచుతాయి. చాలా జలుబు బిళ్లల్లో పారాసిటమాల్ ముందే కలిసి ఉంటుంది కాబట్టి, జ్వరం బిళ్ల విడిగా వేస్తే మోతాదు రెట్టింపవుతుంది. యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచేయదు. ఫ్లూ అయితే డాక్టరు రాసే మందు మొదటి 48 గంటల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది, కాబట్టి మూడు రోజులు చూద్దామనుకోవడమే మనకు నష్టం. మీరు మిమ్మల్ని నిందించుకోకండి, పెద్దవారికి జ్వరం రాకుండానే జబ్బు ముదరవచ్చు. అన్నం సహించకపోవడం, మాట తడబడడం, ఆయాసం, ఉన్నట్టుండి నీరసించడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా తీసుకువెళ్లండి.

కావలి నుంచి

అందరికీ కృతజ్ఞతలు. సెప్టెంబరు మొదటి వారంలోనే తీసుకువెళ్తాను. అమ్మకు 68 ఏళ్లు, ఏ జబ్బూ లేదు. ఆమెకు కూడా వేయించాలా?

ఒంగోలు నుంచి

వేయించండి. ఆయనకు అన్నం కలిపి ఇచ్చేది ఆమే కదా. మీరూ, మీ చిన్నవాడూ కూడా వేయించుకోండి.