కంటైనర్‌కి ఖరీదైన ఫారిన్ తాళమా, లాక్‌బాక్స్ వెల్డింగ్ చేయించి మామూలు తాళమా?

సైట్‌బాబు (అనకాపల్లి)
నమస్తే అందరికీ. అచ్యుతాపురం సైడ్ మా సైట్‌లో 20 అడుగుల సెకండ్‌హ్యాండ్ కంటైనర్ దింపించాం, స్టోర్ రూమ్ కింద వాడటానికి. లోపల కాపర్ కేబుల్ చుట్టలు, వైబ్రేటర్లు, డ్రిల్లింగ్ మెషిన్లు, సబ్‌మెర్సిబుల్ మోటార్లు ఉంటాయి. రాత్రిపూట వాచ్‌మన్ ఒక్కడే, సైట్ ఏమో పెద్దది, పైగా సముద్రపు గాలి. మొన్న పక్క సైట్‌లో కేబుల్ మొత్తం ఎత్తుకుపోయారు, తాళం చెక్కుచెదరలేదు, అది తగిలించిన గొళ్ళెం కోసేశారు. అప్పట్నుంచి మా ఓనర్ గారు ఎంతైనా పర్లేదు అబ్లాయ్ లాంటి ఫారిన్ తాళం తెప్పించు అంటున్నారు, మా ఫోర్‌మన్ ఏమో అది దండగ, లాక్‌బాక్స్ (తాళాన్ని చుట్టూ కప్పేసే ఇనుప డబ్బా) తలుపుకి వెల్డింగ్ చేయించి లోపల బజార్లో దొరికే తాళం వేస్తే చాలు అంటున్నాడు. ఇద్దరి మధ్య నలిగిపోతున్నా, తెలిసినవాళ్ళు చెప్పండి.

యార్డ్‌మనిషి (గాజువాక)
ఫోర్‌మన్ చెప్పిందే రైట్ తమ్ముడూ. అసలు కంటైనర్ తలుపు తాళం కోసం చేసింది కాదు, సీలు కోసం చేసింది. సరుకు లోడ్ అయ్యాక హ్యాండిల్ దగ్గర కన్నంలో బోల్ట్ సీల్ కొడతారు, దానికి ఐఎస్ఓ 17712 అని స్టాండర్డ్ కూడా ఉంది, ఒకసారి కొడితే కోస్తే గానీ రాదు, దాని అసలు పని దారిలో ఎవరైనా తెరిచారా లేదా అన్నది తెలియజెయ్యడం. ఆ గొళ్ళెం అంతవరకే. దానికి నువ్వు ఎంత లావు తాళం తగిలించినా తెగేది గొళ్ళెమే, మీ పక్క సైట్‌లో జరిగింది అదే.

ఒకసారి వెళ్ళి కుడి తలుపు ముందు నిలబడి చూడు. నిలువునా రెండు రాడ్లు, ఒక్కోదానికి ఒక హ్యాండిల్, హ్యాండిల్ కూర్చునే చోట చిన్న క్యాచ్, దాని మీద పక్కకి తిరిగే గొళ్ళెం. హ్యాండిల్ రాడ్‌కి కలిసే చోట ఒక రివెట్ ఉంటుంది చూడు. అది పోతే హ్యాండిల్ ఊడిపోతుంది, తాళం దానితో పాటే వేలాడుతూ ఉంటుంది, రాడ్ మాత్రం ఫ్రీ అయిపోతుంది. సీలు తెగకుండా లోపల సరుకు మాయమైందని వింటామే, అందులో ఒక దారి ఇదే, పని అయ్యాక కొత్త రివెట్ వేసి రంగు పూసేస్తారు. ఇక్కడ తాళం అబ్లాయ్ అయితే ఏంటి, అలీగఢ్ అయితే ఏంటి?

లాక్‌బాక్స్ అయితే ఒక ముక్క ఎడమ తలుపుకి, ఒక ముక్క కుడి తలుపుకి వెల్డ్ చేస్తారు, 5-6 మిల్లీమీటర్ల ప్లేటుతో. తలుపులు మూస్తే రెండు ముక్కలూ ఒకదాంట్లో ఒకటి దూరతాయి, కింద నుంచి చెయ్యి పెట్టి లోపల తాళం వెయ్యాలి. బోల్ట్ కట్టర్ దవడలు అందులో పట్టవు, హ్యాండిల్ పీకేసినా తలుపులు రెండూ ఒకదానికొకటి బిగిసే ఉంటాయి.

తాళంపిచ్చి (హైదరాబాద్)
లాక్‌బాక్స్ పెట్టుకోండి కాదనను, కానీ "లోపల ఏ తాళమైనా చాలు" అన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం. బజార్లో దొరికే ఇత్తడి తాళాల్లో చాలావాటికి లోపల పిన్నులు నాలుగో ఐదో, వాటి కింద సన్న స్ప్రింగులు. చవక రకం అయితే ఒకదాని చెవితో ఇంకోటి తెరుచుకున్న సంగతి ఇక్కడ చాలామందికి అనుభవమే. బాక్స్ కింద ఖాళీ ఉంటుంది కదా, చెవి దూరే చోట ఇంకోటి కూడా దూరుతుంది, అప్పుడు మీ 6 మిల్లీమీటర్ల ప్లేటు వాడికి అడ్డే కాదు.

అబ్లాయ్‌ని ఊరికే పొగడట్లేదు. ఫిన్లాండ్‌లో 1907లో ఎమిల్ హెన్రిక్సన్ అనే ఆయన కనిపెట్టిన పద్ధతి అది, లోపల పిన్నులు స్ప్రింగులు ఉండవు, గుండ్రటి బిళ్ళలు ఉంటాయి, చెవి తిప్పితే ఆ బిళ్ళలు తిరిగి గాట్లన్నీ ఒక వరసలోకి వస్తాయి. స్ప్రింగ్ లేదు కాబట్టి దుమ్ము, ఉప్పు పట్టినా ఇరుక్కునే వస్తువు తక్కువ. సముద్రం పక్కన సైట్ అన్నారు, మరి దానికంటే ఇంకేం కావాలి? ఇంకోటి, యూరప్‌లో తాళంకప్పలకి ఈఎన్ 12320 అని స్టాండర్డ్ ఉంది, 1 నుంచి 6 వరకు గ్రేడ్లు, కోస్తే లాగితే మెలిపెడితే డ్రిల్ చేస్తే ఎంత తట్టుకుంటుందో టెస్ట్ చేసి ఇస్తారు. మన దగ్గర బాక్స్ మీద "హార్డెన్డ్" అని రాసుంటే నమ్మి కొనేస్తాం. కనీసం గ్రేడ్ 4 తగ్గకుండా చూసుకోండి, అబ్లాయే అక్కర్లేదు, అబస్, స్క్వైర్ కంపెనీల తాళాలు కూడా ఉన్నాయి.

గోదారి_ఆక్వా (భీమవరం)
తాళంపిచ్చి గారు చెప్పింది తుప్పు విషయంలో నూటికి నూరు పాళ్ళు నిజమండి. మా చెరువుల దగ్గర కంటైనర్లో ఏరేటర్ మోటార్లు, కేబుళ్ళు పెడతాం, ఉప్పు నీళ్ళు, ఉప్పు గాలి. మామూలు ఉక్కు తాళం రెండు వానాకాలాలు చూస్తే ఎక్కువ. బాడీ ఇత్తడి అయితే బాగానే ఉంటదండి, పైన వంగిన కడ్డీ ఉంటది చూశారా, దాని మీద మెరుగు లేచిపోయి బాడీలోకి దిగే చోట తుప్పు పట్టి బిగుసుకుపోతది, చెవి తిరుగుతది గానీ కడ్డీ లేవదు.

అయితే లాక్‌బాక్స్‌తో ఒక ఇబ్బంది ఎవరూ చెప్పట్లేదు. బయట తాళం బిగుసుకుపోతే మనమే కోసి పారేస్తాం. బాక్స్ లోపల బిగుసుకుపోతే? దొంగకి అందనిది మనకీ అందదు కదండీ. మా పక్క చెరువు ఆయనకి ఇదే జరిగింది, తెల్లారుజామున ఏరేటర్ ఆగిపోయి స్పేర్ మోటారు కావాల్సి వచ్చి తాళం తెరుచుకోక వెల్డర్ కోసం పరుగులు పెట్టారు, రొయ్యకి ఆక్సిజన్ అందకపోతే గంటల్లో పోతది. అందుకని లాక్‌బాక్స్ పెట్టేవాళ్ళు లోపల చవక తాళం అస్సలు పెట్టొద్దండి, ఫోర్‌మన్ గారి లెక్క అక్కడే తప్పుతోంది. గ్రీజు కూడా పెట్టొద్దు, దుమ్ము పట్టి ముద్దైపోతది, పల్చటి నూనె చుక్క వేసి చెవి నాలుగుసార్లు తిప్పితే చాలు.

పటాన్‌చెరు_గోడౌన్
మీరందరు తాళం గురించే మాట్లాడుతున్నరు, చెవి గురించి ఎవరు మాట్లాడరేంది? మా దిక్కు గోడౌన్లల్ల పోయిన సామాన్ల సగం తాళం పగలగొట్టి పోయింది కాదన్నా, చెవితోని తెరిచి పోయింది. సైట్ అంటే స్టోర్ కీపర్, సూపర్‌వైజర్, వాచ్‌మన్, ఎలక్ట్రీషియన్ అందరి చేతులల్లకెళ్ళి చెవి తిరుగుతది. బస్టాండ్ బయట కూసున్నోడు పది నిమిషాలల్ల డూప్లికేట్ చేసిస్తడు, ఎవల్ది ఏంది అని అడగడు. పైసలు పెట్టాలె అంటే డూప్లికేట్ ఎక్కడంటే అక్కడ చేయనియ్యని తాళానికి పెట్టుండ్రి, కొన్ని కంపెనీలయి కార్డు చూపిస్తెనే ఇంకో చెవి ఇస్తరు. చెవి ఒక్కరి దగ్గరనే ఉండాలె, ఎవరు తీసుకున్నరు ఎప్పుడు ఇచ్చిండ్రు రిజిస్టర్ల రాయాలె. గిది చేయకుండ ఎంత తాళం పెట్టినా ఫాయిదా లేదు.

యార్డ్‌మనిషి (గాజువాక)
చెవి సంగతి ఒప్పుకుంటా, అది ఏ తాళానికైనా ఉన్నదే. కానీ తాళంపిచ్చి గారూ, సన్న తీగ పెట్టి తాళం తెరిచే ఓపిక ఉన్న దొంగ మన సైట్లకి ఎంతమంది వస్తారండీ? వచ్చేవాడు బోల్ట్ కట్టరో గడ్డపారో తెస్తాడు, ఈమధ్య ఇనుము కోసే బ్యాటరీ గ్రైండర్ తెస్తున్నాడు. గ్రైండర్ ముందు గ్రేడ్ 6 కడ్డీ అయినా కాసేపే. మన చేతిలో ఉన్నది వాడికి డిస్క్ పెట్టే చోటు లేకుండా చెయ్యడం, అది బాక్సే చేస్తుంది, తాళం చెయ్యదు.

తాళంపిచ్చి (హైదరాబాద్)
గ్రైండర్ లెక్క తీస్తే మీ బాక్స్ కూడా నిలబడదండీ. కంటైనర్ పక్క గోడ రేకు మందం ఎంత, ఇంచుమించు 1.6 నుంచి 2 మిల్లీమీటర్లు. తలుపు జోలికి పోకుండా వెనక నుంచి కోసుకుని వెళ్ళిపోతాడు. కాబట్టి గ్రైండర్ వాడిని ఆపాల్సింది వాచ్‌మన్, లైటు, అలారం. తాళం ఆపాల్సింది చప్పుడు లేకుండా వచ్చేవాడిని, వాడు రాడు అని మీరు ఎలా అనుకుంటున్నారు? పైన గోడౌన్ అన్న చెప్పింది కూడా చప్పుడు లేని దొంగతనమే కదా.

యార్డ్‌మనిషి (గాజువాక)
గోడ కోస్తే చప్పుడు, నిప్పురవ్వలు అన్నీ కనబడతాయి, మీరే అన్నారుగా వాడిని ఆపాల్సింది వాచ్‌మన్ అని. పైగా ఆ కన్నంలోంచి కేబుల్ డ్రమ్ము బయటికి రాదు, తలుపు తెరిస్తేనే ఆటో వెనక్కి పెట్టి ఎక్కించగలడు. తలుపు తెరవనివ్వకపోవడమే సగం కాపాడినట్టు. చప్పుడు లేని దొంగ గురించి మీరన్నది మాత్రం కొట్టిపారేయను.

సైట్‌బాబు (అనకాపల్లి)
అందరికీ థాంక్స్ అండి. రెండు డౌట్లు. ఒకటి, మా ఓనర్ గారు నిన్న చెప్పారు కంటైనర్ నిజానికి కొనలేదంట, అద్దెకి తీసుకున్నారంట, వెల్డింగ్ చెయ్యొచ్చా? రెండు, తాళం సైజు ఎలా చూడాలి?

యార్డ్‌మనిషి (గాజువాక)
అద్దెది అయితే వాళ్ళని అడక్కుండా వెల్డింగ్ రాడ్ ముట్టించొద్దు తమ్ముడూ. తలుపు మీద సీఎస్‌సీ ప్లేట్ ఉంటుంది, 1972 నాటి కంటైనర్ సేఫ్టీ ఒప్పందం ప్రకారం వేసేది, అది చెల్లుబాటులో ఉండి కంటైనర్ మళ్ళీ ఓడ ఎక్కేదైతే నువ్వు పెట్టిన ముక్క మళ్ళీ కోయించాల్సి వస్తుంది, ఖర్చు నీదే. అలాంటి చోట క్రాస్‌బార్ లాక్ తీసుకో, మధ్యలో పక్కపక్కనే ఉండే రెండు రాడ్లకీ కలిపి బిగించేది, వెల్డింగ్ అక్కర్లేదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పి ఇంకో కంటైనర్‌కి పెట్టుకోవచ్చు. వాళ్ళు ఒప్పుకుంటే మాత్రం బాక్సే వేయించు. వెల్డ్ చేసే ముందు తలుపు వెనకాల సామానంతా తీసేయించు, కింద ఉండేది ప్లైవుడ్, లోపలి వైపు రంగు కాలి రవ్వలు దాని మీదే పడతాయి, నీళ్ళ బకెట్ పెట్టుకో. అయ్యాక అదే రోజు రెడాక్సైడ్ కొట్టించకపోతే ఆ గాలికి వారంలోనే తుప్పు మొదలవుతుంది.

తాళంపిచ్చి (హైదరాబాద్)
సైజు నేను చెప్తా. ముందు తాళం కొనకండి, బాక్సో బారో వచ్చాక దాని కన్నం కొలవండి. కడ్డీ లావు కన్నానికి ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే తక్కువ ఉండాలి, ఎక్కువ వదులుంటే గడ్డపార మొన దూర్చి మెలిపెడతారు. తర్వాత రెండు ప్లేట్ల మందం కలిపి చూసి కడ్డీ ఎత్తు సరిపోతుందా చూడండి, భుజాలు మూసుకున్న రకం (కడ్డీకి రెండు పక్కలా బాడీ పైకి లేచి కప్పేసేది) చాలా గట్టిది గానీ మందం ప్లేట్లలో చాలాసార్లు ఎక్కదు. తాళం పట్టుకుని చెయ్యి లోపలికి వెళ్తుందా, చీకట్లో తడుముతూ చెవి పెట్టగలరా అన్నది కూడా షాపులోనే ఆలోచించుకోండి. అద్దె కంటైనర్ కాబట్టి క్రాస్‌బారే పెట్టేట్టయితే తాళం మళ్ళీ బయటికి కనబడుతుంది, అప్పుడు మీ ఓనర్ గారి మాటే నా మాట, గ్రేడ్ 5 తగ్గకుండా బిళ్ళల తాళమే కొనండి.

గోదారి_ఆక్వా (భీమవరం)
కొన్నాక చెవులు రెండూ ఒకే గుత్తికి వెయ్యకండి, ఒకటి ఓనర్ గారింట్లో ఉంచండి.