టికెట్ క్యాన్సిలేషన్ ఫీచర్‌ని స్టోరీలుగా ఎలా విడగొట్టాలి?

ప్రశ్న:
బస్ టికెట్ల యాప్. ఫీచర్ పేరు "క్యాన్సిలేషన్". దాని కింద నాలుగు స్టోరీలు (ఫీచర్‌ని విడగొట్టి రాసుకునే చిన్న ముక్కలు) ఉన్నాయి: డేటాబేస్ టేబుల్ డిజైన్, ఏపీఐ (స్క్రీన్‌కీ సర్వర్‌కీ మధ్య వారధి), స్క్రీన్, టెస్టింగ్. స్ప్రింట్, అంటే ఒక విడత పని, రెండు వారాలు. ఏపీఐ పూర్తయినా డెమోలో చూపించడానికి ఏమీ ఉండట్లేదు, టెస్టింగేమో ప్రతిసారీ తర్వాతి స్ప్రింట్‌కి జారుతోంది. ఇవి స్టోరీలేనా అండీ? పనులు రాసుకునే జిరా టూల్‌లో ఫీచర్ అనే టైపే కనబడట్లేదు.

జవాబు 1:
కాదండీ, అవి టాస్కులు. స్టోరీ పూర్తయితే ప్రయాణికుడు దాన్ని వాడి చూడగలగాలి. అంటే ప్రతి స్టోరీలోనూ టేబుల్, ఏపీఐ, స్క్రీన్, టెస్టింగ్ తలా కాస్త ఉంటాయి.

మొదటి స్టోరీ: ఒక్కరి టికెట్, కోత పడని గడువులో క్యాన్సిల్, డబ్బు కట్టిన ఖాతాకే వాపసు. రెండోది: గడువుని బట్టి కోత. నలుగురి టికెట్‌లో ఇద్దరినే తీసేయడం మూడోది. దీన్ని మాత్రం మొదటిదాంట్లో కలపకండి. కూపన్ డిస్కౌంట్ ఎవరి వాటాలో తగ్గించాలన్న దగ్గరే స్ప్రింట్ అయిపోతుంది. బస్సే రద్దయితే ఇచ్చే రిఫండ్ ఇంకో స్టోరీ. అది మొదలుపెట్టేది ప్రయాణికుడు కాదు, ఆపరేటర్.

జవాబు 2:
యాక్సెప్టెన్స్ క్రైటీరియాలో, అంటే స్టోరీ పూర్తయిందని ఒప్పుకోవడానికి పెట్టే షరతుల్లో, అంకెలు వేయండి. ఉదాహరణకి కోత 25 శాతం, టికెట్ 800 రూపాయలు అనుకుంటే, "600 వాపసు వస్తుంది" అని ముందే చూపించాలి. ఒప్పుకున్నాకే సీటు ఖాళీ అవ్వాలి. బటన్ రెండుసార్లు నొక్కినా రిఫండ్ ఒక్కసారే వెళ్లాలి. సీటు ఖాళీ అయ్యాక పేమెంట్ గేట్‌వే ఫెయిలైతే స్టేటస్ ఏం చూపించాలి? ఎక్కువమంది రాయకుండా వదిలేసేది ఇదే, ప్రొడక్షన్‌లో పేలేదీ ఇదే.

"ఒక డెవలపర్‌గా నాకు టేబుల్ కావాలి" అని స్టోరీ రాసే టెంప్లేట్‌లో కూర్చోబెట్టినంత మాత్రాన టాస్క్ స్టోరీ అయిపోదు లెండి.

జవాబు 3:
టూల్ గురించి: జిరాలో మామూలుగా స్టోరీకి పైన ఎపిక్ (కొన్ని స్టోరీలని కలిపే పెద్ద పని) ఉంటుంది, మీ ఫీచర్‌ని అక్కడ పెట్టండి. అలాంటిదే ఇంకో టూల్ అజూర్ డెవాప్స్‌లో ఎజైల్ ప్రాసెస్ తీసుకుంటే ఎపిక్, ఫీచర్, యూజర్ స్టోరీ, టాస్క్ వరుసగా ఉంటాయి. స్ప్రింట్ల పద్ధతిని చెప్పే స్క్రమ్ గైడ్‌లో యూజర్ స్టోరీ అన్న మాటే లేదు, అది ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే ఇంకో పద్ధతి నుంచి వచ్చింది. పెద్ద సంస్థలు వాడే సేఫ్ (SAFe) పద్ధతిలో ఫీచర్ ఒక పీఐలో (ప్లానింగ్ ఇంటర్వెల్), అంటే 8 నుంచి 12 వారాల్లో పట్టాలి. స్టోరీ ఒక ఇటరేషన్‌లో, అంటే మీ స్ప్రింట్ లాంటి ఒక విడతలో.

ప్రశ్న అడిగినవారు:
మరి టేబుల్ పని ఎక్కడికి పోతుంది?

జవాబు 1:
మొదటి స్టోరీకి సబ్‌టాస్క్‌గా. దానికి కావాల్సిన కాలమ్స్ మాత్రమే చేయండి. కోత శాతం కాలమ్ రెండో స్టోరీతో వస్తుంది.